కొండ నడక గురించి రాసేటప్పుడు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాడేరు దగ్గరి వంజంగి కొండకి వెళ్లొచ్చి మీ గ్రూపులో పెట్టిన రాతా, దాంతోపాటు అరవైకి పైగా ఫోటోలూ చూశాను. ఇంకెలా రాస్తే బాగుంటుందో చెప్పమన్నావు గనక మొహమాటం లేకుండా చెబుతాను. "భూతల స్వర్గం", "మాటల్లో చెప్పలేం", "జీవితంలో ఒక్కసారైనా చూడాలి" అన్న మూడు ముక్కలు తీసేస్తే నీ రాతలో మిగిలింది ఇదీ: చీకటితో బయల్దేరారు, చలేసింది, మబ్బులు కనిపించాయి, పైన మ్యాగీ తిన్నారు. ఇది చదివి ఎవరూ అక్కడికి వెళ్లలేరు. అంతకంటే ముఖ్యం, పదేళ్ల తర్వాత నువ్వే చదువుకున్నా ఆ రోజు నీకు తిరిగి రాదు. మంచి రోజు కళ్ల ముందు నిలబడేది పొగడ్తతో కాదమ్మడూ, వివరంతో. ఎన్నింటికి, ఎక్కడ, కాలి కింద ఏముంది, గాలి ఎటు నుంచి వచ్చింది, ఎవరు ఏమన్నారు, ఇవి ఉంటే చాలు. అందంగా ఉందని వేరే చెప్పక్కర్లేదు.

రాయడం ఇంటికొచ్చాక మొదలవుతుందనుకుంటారు. అది కొండ మీదే మొదలవ్వాలి. జేబులో పట్టే చిన్న పుస్తకం, దారంతో దానికే కట్టిన పెన్సిలు. పెన్ను వద్దు. చెమటకీ మంచుకీ తడిసిన కాగితం మీద బాల్ పెన్ను జారుతుంది, జెల్ పెన్ను రాత కరిగి పాకుతుంది. పెన్సిలు తడి కాగితం మీద కూడా ఎంతో కొంత రాస్తుంది. పుస్తకాన్ని జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో. ఆగిన ప్రతిచోటా ఒక్క లైను చాలు: టైము, చోటు, అక్కడి దాకా దారి ఎలా ఉంది, నీళ్లున్నాయా, తర్వాత ఎటు. ఇలా:

"5.40. రెండో మలుపు దగ్గర చదును బండ. ఇక్కడి దాకా గులకరాళ్లు, జారుతోంది. నీళ్లు లేవు. బండ దాటాక దారి రెండుగా చీలింది, ఎక్కేటప్పుడు కుడిచేతి వైపుది."

పదిహేను, ఇరవై లైన్లొస్తే ఆ రోజు నీ చేతిలో ఉన్నట్టే. నడుస్తూ రాయొద్దు, నడుస్తూ ఫోన్లో మాట రికార్డు చేయొద్దు. ఆయాసం, గాలి హోరు తప్ప ఇంకేమీ వినపడవు. పైగా కాలు ఎక్కడ పడుతుందో చూసుకోవు. ఆగాక, గాలికి వీపు పెట్టి, ఫోను నోటికి దగ్గరగా అరచేతి చాటున పెట్టుకుని ఇరవై సెకన్లు మాట్లాడు. తర్వాత విన్నప్పుడు వెనకాల పిట్టల అరుపులూ, మీ వాళ్ల గొడవా కూడా వినిపిస్తాయి. అదో లాభం.

గ్రూపులో ఎవరి దగ్గరైనా విడిగా కెమెరా ఉంటే, బయల్దేరేముందు ఆ కెమెరాతో ఫోను గడియారాన్ని ఒక ఫోటో తీయించు. కెమెరాలో టైము పది నిమిషాలో గంటో తేడాగా ఉండటం చాలా మామూలు. ఆ ఒక్క ఫోటో ఉంటే, ఇంటికొచ్చాక అందరి ఫోటోలూ ఒకే వరసలో పేర్చుకోవచ్చు. లేకపోతే దిగేటప్పుడు తీసినవి ఎక్కేటప్పటి వాటిలో కలిసిపోయి, ఏది ఎక్కడిదో తేల్చుకోలేక చివరికి బాగున్నవి నాలుగు పెట్టి ఊరుకుంటారు. మీరు చేసింది అదే అని నా అనుమానం.

ఇక ఫోన్లో దారి రికార్డు చేయడం. నువ్వు పంపిన ట్రాక్‌లో లోయ మీదుగా గీసినట్టు ఒక తిన్నటి గీత ఉంది చూశావా? మీరేమీ ఎగిరి దూకలేదు కదా. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు వల్ల ఫోను ఆ యాప్‌ని వెనకాల నిద్రపుచ్చింది. మళ్లీ తెర వెలిగినప్పుడు పాత చుక్కకీ కొత్త చుక్కకీ మధ్య గీత గీసేసింది. బయల్దేరేముందు ఆ ఒక్క యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసేయాలి. ఫోన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచు. ఏజెన్సీలో బ్యాటరీ తినేసేది జీపీఎస్ కంటే దొరకని టవర్ కోసం ఫోను చేసే వెతుకులాటే. మ్యాపు ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోవాలి. మొదలుపెట్టే చోట చెట్లకీ గోడలకీ దూరంగా, ఆకాశం బాగా కనిపించేలా ఒకట్రెండు నిమిషాలు నిలబడి, చుక్క కుదురుకున్నాక రికార్డింగు నొక్కు. టిఫినుకి ఆగినప్పుడు పాజ్ చెయ్యి. ఆపకపోతే, నువ్వు కూర్చున్నా చుక్క అటూ ఇటూ తచ్చాడుతూ దూరాన్ని పెంచుతుంది. మళ్లీ లేచేటప్పుడు తిరిగి నొక్కడం మర్చిపోతారు, అది అసలు తలనొప్పి. ఆ పని ఒకరికి అప్పగించు.

ఎత్తు విషయంలో ఇంకా జాగ్రత్త. కొన్ని ఫోన్ యాప్‌లు చూపించేది సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు, ఉపగ్రహ లెక్కలో భూమికి ఊహించిన ఒక నున్నటి గుడ్డు ఆకారం నుంచి ఎత్తు. దక్షిణ భారతంలో అసలు సముద్రమట్టం ఆ ఆకారానికి పదుల మీటర్లు కిందన ఉంటుంది. అందుకే అలాంటి యాప్‌ని విశాఖ బీచ్‌లో తెరిస్తే మైనస్ అంకె కనిపిస్తుంది. కొండ మీద కూడా అంతే తక్కువ చూపిస్తుంది. నీ యాప్ ఏ రకమో తెలుసుకోవడానికి బీచ్‌లోనే ఓసారి చూడు. లేదా బోర్డు మీద ఎత్తు రాసి ఉండే రైల్వే స్టేషన్లో చూడు. కొత్తవలస–కిరండూల్ లైనులో అరకు దారిన ఉన్న శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996.32 మీటర్లు, అక్కడ సరిచూసుకోవచ్చు. మొత్తం ఎక్కిన ఎత్తు అని యాప్ చివర్లో ఇచ్చే అంకెను అసలు రాయకు. చుక్క పైకీ కిందికీ ఊగిన ప్రతిసారీ దాన్ని ఎక్కడం కింద కలిపేస్తుంది. మొదలైన చోటి ఎత్తు, శిఖరం ఎత్తు, మధ్యలో దిగి ఎక్కాల్సిన లోయలుంటే అవీ, మ్యాపులోంచి తీసి రాయి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 షీట్లలో ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసే సమోన్నత రేఖలుంటాయి, మామూలుగా ఒక్కో రేఖకు 20 మీటర్లు. గీతలు లెక్కపెట్టడం పది నిమిషాల పని.

శిఖరాల ఎత్తులు నెట్లో చూసి రాసేటప్పుడు ఎక్కడ చూశావో కూడా రాయి. మన తూర్పు కనుమల్లో అర్మకొండనీ, జిందగడనీ, సీతమ్మకొండనీ పేర్లు కలగలిపి వాడుతుంటారు. ఒకచోట 1,680 మీటర్లుంటే ఇంకోచోట 1,690 ఉంటుంది. నువ్వొకటి తేల్చేసి రాస్తే, దాన్ని చూసి ఇంకో పదిమంది రాస్తారు.

ఎంతసేపు పడుతుంది అన్నది చదివేవాళ్ల మొదటి ప్రశ్న. మీరంతా తప్పు రాసేదీ అక్కడే. "రెండు గంటల్లో ఎక్కేశాం" అంటావు. అందులో ఆగింది ఎంత, నడిచింది ఎంత? గ్రూపులో అందరికంటే నెమ్మదిగా నడిచిందెవరు? పాతికేళ్ల కుర్రాడా, మీ అమ్మా? ఎప్పుడూ రెండు అంకెలు విడిగా రాయి: కాలు కదిలిన టైము, మొత్తం టైము. వాటిని పోల్చుకోవడానికి ఒక కొలమానం ఉండాలి. స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. మన కొలతల్లో అది ఇలా ఉంటుంది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఆగింది ఇందులో కలవదు.

అలిపిరి దారినే తీసుకో, అందరికీ తెలిసినది. సుమారు 9 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు దాదాపు 700 మీటర్లు. దూరానికి గంటా నలభై ఎనిమిది నిమిషాలు, ఎత్తుకు గంటా పది. అంటే ఆగకుండా నడిస్తే మూడు గంటలు. మామూలు భక్తులకు మూడు నుంచి నాలుగు గంటలు పడుతుందని చెప్పుకునేది ఇందుకే. నీ టైము ఈ లెక్క కంటే ఎంత ఎక్కువో తక్కువో రాస్తే, చదివేవాడు తన సంగతి తాను అంచనా వేసుకుంటాడు. ఎండలో, చిత్తడి ఉక్కలో మాత్రం ఈ లెక్క చాలదు. మార్చి దాటాక మన కొండల్లో మూడో వంతైనా అదనంగా కలుపుకోమని రాయి. నీళ్లు మనిషికి రెండు లీటర్లని అందరూ రాస్తారు. అది చలికాలం పొద్దుటి మాట. ఎండల్లో నడిచే ప్రతి గంటకూ అర లీటరు చొప్పున వేసుకోమను.

అలిపిరి మాట వచ్చింది గనక ఇంకోటి. "9 కిలోమీటర్లు, 3,550 మెట్లు" అని రాసి ఊరుకుంటే ఆ దారి గురించి ఏమీ చెప్పనట్టే. మెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయన్నదే అసలు సంగతి. మొదట్లోనే గాలిగోపురం దాకా మెట్లు ఒత్తుగా, నిట్టనిలువుగా ఉంటాయి. ఉత్సాహంలో ఉరుకుతూ ఎక్కినవాళ్లు అక్కడికే చతికిలబడతారు. ఆ తర్వాత జింకల పార్కు మీదుగా దారి చదునుగా, హాయిగా పోతుంది. ఇంకేముంది అయిపోయిందనుకుని నీళ్లు తాగేసి, కాళ్లు చల్లారేదాకా కూర్చుంటారు. చివర్లో మోకాళ్ల మిట్ట వస్తుంది. చల్లారిన పిక్కలతో ఆ నిలువు మెట్లు ఎక్కలేక నానా తిప్పలూ పడతారు. ఇది ఒక్క పేరాలో రాసినా చదివినవాడికి ఎంత మేలో చూడు: గాలిగోపురం దాకా మెల్లగా, చదునులో ఆగకుండా, మోకాళ్ల మిట్ట కింద అయిదు నిమిషాలు మాత్రమే. అదే శ్రీవారి మెట్టు తీసుకుంటే 2,388 మెట్లే, కాబట్టి తేలిక అనుకుంటారు. కానీ అవి రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉన్నాయి. అలిపిరి దారిలో కిలోమీటరుకు నాలుగు వందల లోపు మెట్లు పడితే, ఇక్కడ వెయ్యి దాటుతాయి. మోకాలి నొప్పి ఉన్న అత్తయ్యకు ఏ దారి చెప్పాలో మొత్తం మెట్లను బట్టి కాదు, ఈ లెక్కను బట్టి తేలుతుంది.

దారి చెప్పేటప్పుడు కుడి ఎడమల దగ్గర జాగ్రత్తగా ఉండు. "ఎడమకు తిరగాలి" అంటే ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ప్రతిసారీ రాయాలి. వాగు ఒడ్డు విషయంలో పద్ధతి వేరు: నీరు పారే వైపు ముఖం పెట్టి నిలబడితే కుడిచేతి వైపుది కుడి ఒడ్డు. నువ్వు ఎటు నడుస్తున్నా అది మారదు. గుర్తులు చెప్పేటప్పుడు కదిలిపోయేవీ, మాసిపోయేవీ వాడకు. టీ బండి, గడ్డివాము, చెట్టుకు కట్టిన రిబ్బను, పోడు కోసం నరికిన చోటు వచ్చే ఏడాదికి ఉండవు. గుడి, చప్టా, చెరువు గట్టు, పెద్ద మర్రి, సిలువ, నీళ్ల ట్యాంకు ఉంటాయి.

దారి తప్పేది ఎక్కువగా దిగేటప్పుడే, దానికి కారణం ఉంది. ఎక్కేటప్పుడు కొండ వెన్నులన్నీ పైకి పోయి ఒకచోట కలుస్తాయి, బాటలు కూడా అంతే. ఏ బాట పట్టినా పైకే చేరతావు. దిగేటప్పుడు అవే వెన్నులు చీలుతూ పోతాయి. ఒక్క చీలిక దగ్గర తప్పు పట్టినా అవతలి లోయలో తేలతావు. పైగా పశువులు మేతకు తొక్కిన దారులు మనుషుల దారుల కంటే నున్నగా, వెడల్పుగా కనిపిస్తాయి. అవి ఏటవాలుకు అడ్డంగా పోయి పొదల్లో మాయమవుతాయి. అందుకే ఎక్కేటప్పుడు ప్రతి చీలిక దగ్గరా దాటి పది అడుగులు వేసి, వెనక్కి తిరిగి ఒక ఫోటో తీసుకో. దిగేవాడికి కనిపించే దృశ్యం అదే. నీ రాతలో వేటినైనా తప్పక పెట్టాలంటే ఆ ఫోటోలే. లైకులు రావనుకో, అది వేరే సంగతి.

నీళ్లు దాటే చోటుంటే మరీ వివరంగా రాయాలి. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి వెళ్లే దారి భవనాశి వెంటే పోతుంది. ఎండాకాలం రాళ్ల మీద అడుగులేస్తూ పోయిన చోటే వానలప్పుడు నురగతో పారుతుంది. "వాగు దాటాం" అని రాస్తే చాలదు. ఏ నెల, ముందు రెండు రోజుల్లో వాన పడిందా, నీళ్లు చీలమండ దాకానా, మోకాలి దాకానా, రాళ్ల మీద పాచి ఉందా, పట్టుకోవడానికి ఏదైనా ఉందా. మోకాలు దాటిన నీళ్లు పారుతూ ఉంటే వెనక్కి రావాల్సిందే అని అక్కడే రాసెయ్. మొహమాటపడకు.

మబ్బుల సంగతి. నువ్వు "పాలసముద్రం" అని రాశావు, బాగానే ఉంది. కానీ ఆ రోజే ఎందుకు పడింది? అంతకు ముందు వారం వెళ్లిన మీ స్నేహితులకు తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించలేదన్నావు కదా. చలికాలం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేకపోతే నేల వేడంతా పైకి పోతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. అక్కడి తేమ మంచుగా మారి పేరుకుంటుంది. పైనున్న వెచ్చటి గాలి పొర దాన్ని మూతపెట్టినట్టు అణిచి ఉంచుతుంది. శిఖరం ఆ మూతకు పైన ఉంటే మీరు మబ్బుల మీద నిలబడతారు, లేకపోతే మబ్బుల్లో నిలబడతారు. రాత్రి గాలి వీచినా, ఆకాశం మూసుకున్నా ఆ పొర కుదరదు. ఎండ ఎక్కి లోయ నేల వేడెక్కగానే అంతా చెదిరిపోతుంది. కాబట్టి నువ్వు రాయాల్సింది: ముందురోజు వాన పడిందా, రాత్రి చుక్కలు కనిపించాయా, పైన గాలి ఉందా, మబ్బు ఎన్నింటికి పలచబడటం మొదలైంది. ఈ నాలుగూ ఉంటే నీ రాత చదివినవాడు శనివారం రాత్రి ఆకాశం చూసి, వెళ్లాలో పడుకోవాలో నిర్ణయించుకుంటాడు.

ఫోటోలు పన్నెండు చాలు. ఇంకా చెప్పాలంటే పది. సూర్యోదయానివి నీ దగ్గర పంతొమ్మిది ఉన్నాయి, అన్నీ ఒకటే. ఏటవాలు ఫోటోలో ఎప్పుడూ చదునైపోతుంది. పైకి చూస్తూ తీసినా, కిందికి చూస్తూ తీసినా అంతే. పక్క నుంచి, నిటారుగా నిలబడ్డ మనిషో తిన్నటి సిల్వర్ ఓక్ మానో కనిపించేలా తీస్తేనే వాలు ఎంతో తెలుస్తుంది. అరకు, పాడేరు వైపు కాఫీ తోటల్లో ఆ చెట్లకి కొదవలేదు. లోయ ఎంత లోతో తెలియాలంటే దగ్గరగా ఒక మనిషి, మధ్యలో ఒక ఊరో గుడిసెలో, దూరంగా కొండల వరస, మూడూ ఉండాలి. పాదాల ఫోటో ఒకటి తీసుకో. దారి రాళ్లా, మట్టా, గడ్డా అన్నది దాంట్లో తెలిసినంత బాగా ఇంకెందులోనూ తెలియదు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోతుంది, ప్రింటు వేయిస్తే మసకగా వస్తుంది. మీ వాళ్లకి అసలు ఫైళ్లు కావాలంటే డాక్యుమెంటుగా పంపు. ఒక్కటి గుర్తుంచుకో: అలా పంపితే ఫోటో తీసిన చోటు వివరం కూడా దాంతోపాటే అవతలివాళ్లకి చేరుతుంది. పదిమంది స్నేహితుల మధ్య ఫర్వాలేదు, కానీ ఆ ఫైలు ఎక్కడెక్కడికి పోతుందో నీ చేతిలో ఉండదు.

దీనితోనే వచ్చింది ఏం చెప్పకూడదన్న సంగతి. వంజంగి జనానికి తెలిసిందే ఫోటోల వల్ల. ఒక్కో ఆదివారం అక్కడ ఎంత రద్దీయో, ఎంత ప్లాస్టిక్ మిగులుతుందో నువ్వే చూశావు. అరకు లోయలో వలిసె పూలు పూసినప్పుడూ అంతే, ఫోటోల కోసం జనం చేలల్లోకి దిగి తొక్కేస్తారు. అది నూనె గింజల పంట. రైతుకి ఆ పువ్వే గింజ. అక్కడ ఫోటో తీసుకుంటే గట్టు మీద నుంచి తీశావనీ, రైతు డబ్బు అడిగితే ఎంత ఇచ్చావనీ రాయి, చదివేవాళ్లకూ అలవాటవుతుంది. పేరు పడ్డ చోటుకి చోటు పేరు రాయొచ్చు. ఎవరికీ తెలియని చిన్న జలపాతం, గద్ద గూడు, కొండ వాలులో ఒకే చోట పూసే ఆర్కిడ్లు లాంటివి కనిపిస్తే మండలం పేరు దాటి వివరం ఇవ్వకు. లొకేషన్ పిన్ అసలే వద్దు.

అడవి అనుమతుల గురించి ఒక లైను తప్పనిసరి. అభయారణ్యాల్లోకి వెళ్లాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి. నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం లాంటి చోట అయితే ఇక చెప్పక్కర్లేదు. అనుమతి లేకుండా ఎవరైనా వెళ్లొచ్చినట్టు చెబితే ఆ దారిని నీ రాతలో పంచకు, నువ్వూ వెళ్లకు. నియమాలు మారుతూ ఉంటాయి కూడా. 2023లో చిరుతల దాడుల తర్వాత అలిపిరి నడక దారిలో వేళల మీద, పిల్లల మీద ఆంక్షలు పెట్టారు, చేతికర్రలు ఇచ్చారు. అంతకు ముందు రాసిన వివరాలు నమ్ముకుని పిల్లలతో సాయంత్రం బయల్దేరినవాళ్ల గతి ఏమిటి? అందుకే ప్రతి రాత మీదా నడిచిన తేదీ పైనే పెట్టు. టికెట్టు, పార్కింగు, జీపు ధర రాస్తే పక్కనే నెల, సంవత్సరం రాయి.

ఊళ్లలో మనుషుల గురించి. వాగుని ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే గెడ్డనే రాయి, రాయలసీమలో వంక అంటే వంకనే. కొండ పేరు కింద ఊళ్లో ఇద్దరినైనా అడుగు, ఒక్కోసారి ఇటు ఊరివాళ్లు ఒకటీ అటు ఊరివాళ్లు ఇంకోటీ అంటారు. రెండూ రాయి. చెట్టు పేరు తెలియకపోతే ఊహించి రాయకు, ఆకు ఎలా ఉందో రాస్తే చాలు. మనుషుల ఫోటో తీసేముందు అడగాలి. అడిగితే నవ్వి తల తిప్పుకున్నారంటే వద్దని అర్థం. స్నానం చేసే గెడ్డ రేవు, ఇళ్ల లోపల, బడి పిల్లల ముఖాలు తీయొద్దు. దారి చూపించిన కుర్రాడి ఫోన్ నంబరు అతను ఒప్పుకుంటేనే పెట్టాలి. అర్ధరాత్రి నలభై మంది ఫోన్లు చేస్తే అతని పని ఏం కాను? అతనికి ఎంత ఇచ్చారో మాత్రం దాచకుండా రాయండి. తక్కువ ఇచ్చి గొప్పగా చెప్పుకోవడం మనవాళ్లకు బాగా అలవాటు.

చెడినవి కూడా రాయాలి. మీ గుంపులో ఒకమ్మాయికి చెప్పు తెగి వెనక్కి దిగాల్సి వచ్చిందట కదా, నీ రాతలో అది లేదు. ఏ రకం చెప్పు, ఎక్కడ తెగింది, తాడుతో కట్టుకుంటే ఎంత దూరం వచ్చింది, ఇదే చదివేవాళ్లకు కావాల్సింది. పేరు పెట్టకు, వెక్కిరించకు. రాసింది గ్రూపులో పెట్టేముందు ఆ రోజు వచ్చినవాళ్లందరికీ చూపించు. వద్దన్న వాక్యం తీసెయ్, వద్దన్న ఫోటో కూడా.

వచ్చినవాళ్లందరితోనూ తలా ఒక లైను రాయించుకో, మరుసటి రోజు లోపే. రెండు రోజులు దాటితే అందరూ ఒకేలా "సూపర్ ట్రిప్" అంటారు. ఆ రాత్రే అడిగితే ఒకరు చలికి పళ్లు కొట్టుకున్నాయంటారు, ఒకరు డ్రైవరు పాడిన పాట చెబుతారు. నీ పుస్తకంలో లైన్లు కూడా ఆ రాత్రే విడమర్చి రాసుకో. నీ కోడిగీతలు నీకే అర్థమయ్యేది ఒక రోజు మాత్రమే. పూర్తి రాత మూడు రోజుల్లో ముగించు. మొదటి పేరా మొత్తం పనికొచ్చే వివరం: ఎక్కడి నుంచి ఎక్కడికి, దూరం, రెండు టైములు, నెల, నీళ్లు, అనుమతి, ఎవరికి కష్టం. తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో. కవిత్వం రాసుకున్నా నేను కాదనను.

ఇంట్లో అమ్మమ్మకి చూపించేది వేరే. ఆవిడకి దూరాలూ ఎత్తులూ అక్కర్లేదు. ఏం తిన్నారు, గుడి ఏదైనా ఉందా, ఆ ఊరివాళ్లు ఏం పండిస్తారు, పిల్లలు భయపడ్డారా, అవి కావాలి. ఓ ఎనిమిది ఫోటోలు ప్రింటు వేయించి చేతిలో పెట్టు, ఫోన్లో జరిపి చూపిస్తే ఆవిడకి అందవు. ఫోటో వెనక తేదీ, చోటు సీడీల మీద రాసే మార్కర్‌తో రాసి, ఆరాక దొంతర పెట్టు. బాల్ పెన్నుతో రాస్తే ఆ ఇంకు పక్క ఫోటో ముఖానికి అంటుకుంటుంది.

ఇప్పుడు వంజంగి రాతని ఇంకోసారి రాసి పంపు. బండి ఎక్కడ ఆగింది, అక్కడి నుంచి నడక ఎంత, ఆగింది ఎంత, దారి చీలికలు ఎన్ని, పైన గాలి ఉందా లేదా. ఫోటోలు పది దాటకూడదు. మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మామయ్య